ఏ ఫిల్ములోనూ పడని నీడ

“అవ్, నేనే పెట్టిన,” అన్నాడు రాంచందర్.

అన్నం ముందు కూర్చుని అన్నాడు ఆ మాట. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. అది నోట్లోకీ పోలేదు, తిరిగి కంచంలోకీ రాలేదు.

చారు గిన్నె పట్టుకున్న శివాని ఉన్నచోటనే ఆగిపోయింది. తన బ్యాడ్జీ ఎవరు తీశారని ఈ ఇంట్లో ఆమె అడగబట్టి చాలా పొద్దులయింది. అడిగినప్పుడల్లా అత్త ఎంకమ్మకు బయట ఏదో పని గుర్తొచ్చేది. మామ సిద్దయ్య వల కుట్టుకుంటూ, చెరువు సంగతి అడిగితే చెప్తాను గానీ ఆ సంగతులు నాకేం తెలుసు అనేవాడు. మొగుడు మాత్రం జవాబు చెప్పకపోగా, అసలు ఆ కొలువే ఇడ్శిపెట్టరాదా అని ఎదురు వచ్చేవాడు. ఇవాళ ఏ దేవుడు పూనాడో గానీ, అడగకముందే ఒప్పుకున్నాడు.

“ఎందుకు పెట్టినవ్?”

“నువ్వు పట్నం దవాఖానకు పోవుడు నాకు ఇష్టం లేదు. ఇంకేం గావాలె?”

“ఏడ పెట్టినవ్?”

“మీ ఎక్స్‌రే బల్ల మీద. దుప్పటి కింద. ఒకనాడు వానకు ఆడ ఆగిన గద, గప్పుడు.”

తల ఎత్తకుండానే చెప్పాడు. అప్పచెప్పిన పాఠంలా ఉంది. చెప్పడం అయ్యాక చేతిలోని ముద్దను కంచం అంచున పెట్టి, చెయ్యి కడుక్కుని లేచాడు. బడంగ్‌పేట నుంచి ప్లాట్లు చూడటానికి పార్టీ వస్తోందట, తొందరగా పోవాలట. అతను నడిపే వెంచర్ వాళ్ళ సుమో బయట వాకిట్లో నిలబెట్టి ఉంది. అది స్టార్టయిన చప్పుడు, దాని వెనక వానకు నానిన మట్టి వాసన, ఆ తర్వాత ఏమీ లేదు.

వంటింటి గడప దగ్గర ఎంకమ్మ నిలబడి అంతా విన్నది. కొడుకు వదిలేసిన కంచం చూసింది. కోడలి ముఖం చూడలేదు.

శివాని ఏడవలేదు. ఏడుపు రావలసినచోట ఒకరకమైన మగత వచ్చింది. కొన్నాళ్ళుగా అంతే. పని లేని మనిషికి పొద్దు ఎటు తిరిగిందో తెలియదు. నిద్రలేచీ లేవనట్టు, వింటున్నదీ కలలో విన్నదీ ఒకటే అయినట్టు గడిచిపోతున్నాయి రోజులు.

ఇంత గొడవకు కారణమైన బ్యాడ్జీ అగ్గిపెట్టె కంటే పెద్దదేం కాదు. ఎక్స్‌రే తీసేవాళ్ళు ఎద మీద పెట్టుకుంటారు. తన మీద ఎంత కిరణం పడిందో గుర్తు పెట్టుకోవడం తప్ప దానికి ఇంకే పనీ రాదు. మూణ్ణెల్లకోసారి దాన్ని పంపితే, చదివేవాళ్ళు చదివి చెబుతారు. శివాని ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అది చెప్పింది ఒకటే మాట, భయం లేదని. ఈసారి మాత్రం ఆమె ఏళ్ళ తరబడి పనిచేసినా పడనంత పడిందని వచ్చింది. సెంటర్ యజమాని జనార్దనరావు ఆ రోజు నుంచే ఆమెను ఎక్స్‌రే గదిలోకి పోనివ్వలేదు. రక్తపరీక్షలు చేయించాడు. రక్తంలో ఏ తేడా లేదు. అంటే కిరణాలు పడింది బ్యాడ్జీ మీదే గానీ మనిషి మీద కాదు. మరి మనిషి లేకుండా బ్యాడ్జీ ఎక్కడికి పోయినట్టు?

గోరుచుట్టు మీద రోకటిపోటులా, పట్నంలో ఆమెకు సీటీ స్కాన్ గదిలో కొత్తగా ఉద్యోగం ఇచ్చిన పెద్ద ఆసుపత్రి వాళ్ళు కూడా అదే అడిగారు. రేపటిలోగా కారణం తెలియాలి. తెలియకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు.

ఆ చోటు కోసం శివాని ఎంత ఎదురుచూసిందో ఈ ఇంట్లో గోడలకు తెలుసు. ఇంటర్ అయ్యాక టోకెన్లు రాయడానికి జనార్దనరావు దగ్గర చేరింది. టోకెన్ల నుంచి చీకటి గదిలోకి, ఫిల్ములు కడిగి ఆరేసే పనికి పోయింది. ఎర్ర దీపం కింద, నీళ్ళలో నుంచి ఎవరిదో చేతి ఎముక తెల్లగా తేలి వచ్చినప్పుడు, ఈ పని తప్ప ఇంకే పనీ చెయ్యనని అక్కడే అనుకుంది. బస్సుల్లో పడి పట్నం తిరిగి డిప్లొమా చేసింది. ఆ ట్రైనింగులోనే మొదటిసారి సీటీ గది చూసింది. చల్లగా, చప్పుడు లేకుండా ఉంటుంది ఆ గది. మనిషిని పడుకోబెట్టిన బల్ల మెల్లగా రింగులోకి జరుగుతుంది. అద్దం ఇవతల కూర్చున్న వాళ్ళకు ఆ మనిషి లోపలి ఊరంతా ఒక్కొక్క వీధిగా కనిపిస్తుంది. శివానికి ఆ గది ఇప్పటికీ కలలోకి వస్తుంది. కలలో ఆ బల్ల మీద ఎప్పుడూ ఎవరూ ఉండరు. బల్ల మాత్రం పోయి వస్తూ ఉంటుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. శివాని రచ్చ గెలిచి వచ్చింది. ఇంటి దగ్గరే ఓడిపోయింది.

మధ్యాహ్నం వాన వెలిశాక సెంటర్‌కు బయలుదేరింది. మొగుడు చేసిన పని నోరు తెరిచి చెప్పాలి. చెబితే ఉద్యోగం నిలబడుతుంది, పరువు పోతుంది. ఏది ఎక్కువో దారి పొడుగునా ఆలోచిస్తూనే నడిచింది.

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మహేశ్వరం పోయే బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు. సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులు. నిన్నటి జొన్నచేలు ఇవాళ సిటీలు, ఎన్‌క్లేవులు అయి కూర్చున్నాయి. ఆ చేలల్లో హద్దురాళ్ళు తప్ప ఏమీ మొలవడం లేదు. శివాని వాటిని చూడలేదు. ఆమె చూపు మనుషుల మీదే ఉంటుంది. ఈ ఊరివాళ్ళను ఆమె పేర్లతో కాదు, లోపలి గుర్తులతో పట్టుకుంటుంది. జిరాక్సు షాపాయనది విరిగి వంకరగా అతికిన జబ్బ. పూలమ్మే ముసలామెకు వెన్ను చివర ఎముక ఒకటి ఎక్కువ. కానిస్టేబుల్ గుండె ఉండవలసినదాని కంటే కాస్త పెద్దది. వాళ్ళెవరికీ ఆమె ఈ సంగతులు చెప్పలేదు. చెప్పడం ఆమె పని కాదు. చూసి, మౌనంగా ఉండటమే ఆమె పని.

జనార్దనరావు గుంటూరు వైపు మనిషి. చాలాకాలం కిందట వచ్చి మీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగులను కసురుకోవడం చేతకాదు, అందుకని కోపం వస్తే కళ్ళజోడు తుడుచుకుంటాడు. శివాని వచ్చేసరికి స్టీలు గ్లాసులో కాఫీ తాగుతున్నాడు. కూర్చోమన్నాడు. ముఖం చూసి, అన్నం తిన్నావా అని అడిగాడు. తిన్నానని అబద్ధం చెప్పింది.

తర్వాత అసలు సంగతి మొదలుపెట్టింది. తను పట్నం పోవడం ఇంట్లో ఇష్టం లేదని, మొగుడు ఒకనాడు వానకు ఇక్కడ ఆగినప్పుడు బ్యాడ్జీ తీసి ఎక్స్‌రే బల్ల మీద దుప్పటి కింద పెట్టాడని, ఆ రోజంతా అది అక్కడే...

అక్కడ ఆగింది.

జనార్దనరావు గ్లాసు పట్టుకుని చూస్తూ ఉన్నాడు.

“బల్ల మీద ఉంటే నీడ పడాలె గద సర్,” అన్నది శివాని, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. “దుప్పటి కింద పెట్టినా ఫిల్ముల దాని నీడ పడాలె. నేనే తీసిన, నేనే చూసిన. పడలే.”

“నాకూ అదే తోచిందమ్మా. నువ్వు అనుకునేదాకా ఆగాను.”

ఈ సెంటర్లో చొక్కా గుండీ నీడ పడినా శివాని ఆ ఫిల్ము పక్కన పడేసి మళ్ళీ తీస్తుందని ఆయనకు తెలుసు. ఫిల్ములు తగలేస్తోందని మొదట్లో సణిగేవాడు కూడా. అలాంటిది అగ్గిపెట్టె అంత బ్యాడ్జీ కంటపడకుండా పోతుందా?

బయట టోకెన్ నంబరు పిలుస్తున్నారు. జనార్దనరావు కళ్ళజోడు తీశాడు గానీ తుడుచుకోలేదు. అది పడింది ఇక్కడ కాదన్నాడు. కొంచెం కొంచెంగా పడింది కూడా కాదు, చూడబోతే ఒక్కసారే పడినట్టుందన్నాడు. ఏ సీటీ గదిలోనో అయితే తప్ప అంత పడదని చెప్పి, చెప్పాక తనే ఉలిక్కిపడి గ్లాసు కింద పెట్టాడు. ఇబ్రహీంపట్నంలో సీటీ మిషను లేదు.

“మీ ఆయన ఒప్పుకున్నాడు కదా, అదే చెప్పేద్దామా? వాళ్ళు ఇంతకంటే లోతుకు పోరు. ఏదో ఇంటి గొడవ అనుకుంటారు. నీ ఉద్యోగం నీకుంటుంది.”

“మీరైతే చెప్తరా సర్?”

“నేను సెంటరు నడుపుకునేవాణ్ణమ్మా. నన్నడక్కు.”

రేపు పొద్దున్నే వచ్చి చెబుతానని శివాని లేచింది. బయటికొచ్చి, ఇంటికి పోయే దారి వదిలి చెరువు కట్ట ఎక్కింది.

చెరువు నిండుగా ఉంది. వాన పడి ఆగిన పూట నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత ఉండదు, అంతా ఒకటే బూడిద రంగు వెలుగు. దూరంగా సిద్దయ్య తెప్ప మీద కూర్చుని ఉన్నాడు. తెప్ప కదులుతోందో చెరువే కదులుతోందో చెప్పలేం. కట్ట మీద తడిసిన రాళ్ళ మీద నడుస్తుంటే శివానికి తన కాళ్ళ చప్పుడు కూడా వినిపించలేదు.

రాంచందర్ అబద్ధం ఆడాడు. చెయ్యని తప్పు నెత్తినేసుకున్నాడు. పొద్దున్నుంచి అతని మీద మండిన కోపం ఇప్పుడు ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది. మనిషి ఒక తప్పు ఎందుకు ఒప్పుకుంటాడు? దాని వెనక ఇంకా పెద్దది దాచడానికే కదా.

బ్యాడ్జీ మీద కిరణం పడిందంటే అది ఒక గదిలో, ఒక మిషను కింద ఉంది. మిషను ఊరికే తిరగదు. దాని కింద ఎవరో పడుకుంటేనే తిరుగుతుంది. అలా పడుకున్న మనిషి ఫిల్ములో, పేగుల పక్కనో ఎముకల పక్కనో, తన బ్యాడ్జీ నీడ తెల్లగా పడి ఉంటుంది. ఆ ఫిల్ము ఎక్కడో ఉంది. ఆ మనిషి ఎక్కడో ఉన్నాడు.

ఆ మాట అనుకోగానే శివాని అడుగులు వడివడిగా పడ్డాయి. ఎందుకంటే బ్యాడ్జీని ఆమె సెంటర్లో వదిలిపెట్టదు. రోజూ ఇంటికి తెస్తుంది. దేవుని గూడు పక్కన మేకుకు తగిలిస్తుంది. ఆ మేకు నుంచి అది పోవాలంటే ఈ ఇంటి మనిషి చెయ్యే తియ్యాలి. తను కాక ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురే.

ఎంకమ్మ వాకిట్లో చేపల పొలుసు తీస్తోంది. సాగర్ రోడ్డు పక్కన అమ్మగా మిగిలిన చేపలు అవి. బూడిద అద్దిన చేత్తో తోక పట్టుకుని కత్తిపీట మీద ఎదురు లాగుతుంటే పొలుసు గాలిలోకి ఎగిరి ఆమె చేతుల మీద, చీర మీద మెరుస్తోంది. పెద్ద మాటకారి ఎంకమ్మ. చేప కొననివాడి చేత కూడా రెండు కొనిపించగలదు. అలాంటి మనిషి ఇన్నాళ్ళుగా దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తిరుగుతోంది. అది ఎందుకో శివాని ఇవాళ ఆలోచించింది. ముందే ఆలోచించవలసింది.

కోడలు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నది. గంపలోంచి ఒక చేప తీసి తనూ బూడిద అద్దింది. ఇద్దరూ కొంతసేపు పొలుసు తీశారు.

“అత్తమ్మా, నా బ్యాడ్జీ ఎవలి మీద పోయింది?”

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

“నేను తిట్ట. కొలువు కోసం గూడ అడుగుతలే. ఎవలి మీద పోయిందో చెప్పు.”

“నువ్వే అన్నవ్ గద బిడ్డా,” అన్నది ఎంకమ్మ. “గది నీ మీద ఉన్నన్ని దినాలు మిషన్ ఎలుగు నిన్ను ఏం చెయ్యదని. గందుకే కట్టిన.”

నిజమే, శివాని అన్నది. ఆ మిషన్ల కాడ నీకేం కాదా, కడుపు పండాల్సిన పిల్లవు, అని అత్త పొద్దుగూకులా అడుగుతుంటే, కిరణాల సంగతీ కొలతల సంగతీ చెప్పే ఓపిక లేక, ఒకనాడు బ్యాడ్జీ చూపించి, ఇదే నన్ను కాపాడేది అనేసింది. అంతటితో ముసలామె అడగటం మానేసింది. ఆ సుఖానికి అలవాటు పడి శివాని కూడా దిద్దలేదు. చదువుకున్నవాళ్ళు ఆడే అబద్ధాలు ఇలాగే ఉంటాయి, చిన్నవిగా, పని జరిగేలాగా.

ఎంకమ్మ నమ్మింది. నమ్మినదాన్ని నమ్మినట్టే వాడుకుంది. ఆదివారం సెంటర్‌కు సెలవు కనక బ్యాడ్జీ మేకు మీదే ఉంది. దానికి పసుపూ బొట్టూ పెట్టి, పెద్దమ్మ తల్లికి మొక్కి, కొడుకు మొలతాడుకు తన చేత్తో కట్టి పంపింది. వాడు రాగానే విప్పి, తుడిచి, మళ్ళీ మేకుకే తగిలించింది.

“రాంచందర్‌కా?” శివాని చేతిలోని చేపను గంపలో వదిలేసింది.

ముసలామె తల ఊపింది. ఆ తర్వాత మాటలు గట్టు తెగినట్టు వచ్చాయి. కడుపులో నొప్పి అని వాడు తనకొక్కదానికే చెప్పాడట. నెలల తరబడి ఉందట. నొప్పి వచ్చినప్పుడు చెరువు గట్టుకు పోయి పడుకునేవాడట. ఎల్బీనగర్‌లో ఎవరో డాక్టరు లోపల ఏదో ఉన్నట్టుంది, పెద్ద మిషన్లో ఫొటో తీయించమన్నాడట. మిరుగం, అదే మృగశిర కార్తె, వెళ్ళిన తర్వాత వచ్చిన ఆదివారం పోయి తీయించుకున్నాడట. అక్కడి వాళ్ళు మొలతాడు తీసెయ్యమంటే, అమ్మ కట్టింది, తియ్య అన్నాడట.

తీయించకుండానే ఫొటో ఎందుకు తీశారని శివాని అడగలేదు. ఆమెకు తెలుసు. మొలతాడూ తాయెత్తూ తియ్యమంటే ఈ జిల్లా మొగవాళ్ళు మిషను దిగి వెళ్ళిపోతారు. బతిమాలీ బతిమాలీ, దాన్ని కాస్త కిందికి జరిపి, నీడ పడితే పడనీ అని తనూ ఎన్నోసార్లు తీసింది. తాయెత్తే అనుకున్నారు వాళ్ళు కూడా.

మిరుగం నాడు ఈ ఇంట్లో చేపల కూర ఘుమఘుమలాడుతుంటే రాంచందర్ ముట్టలేదు. ముదిరాజుల ఇంట పుట్టి మిరుగం నాడు చేప తినని మొగోడిని నిన్నే చూసిన అని శివాని ఎగతాళి చేసింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది.

“ఒట్టు పెట్టించుకున్నడు బిడ్డా. నీకు చెప్తె సస్తా అన్నడు. నిన్ను చూస్కుంట ఎట్ల ఓర్సిన్నో నాకే తెల్సు,” అని ఎంకమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. చెంప మీద పొలుసు ఒకటి అంటుకుని అక్కడే ఉండిపోయింది.

ఏమన్నారట డాక్టర్లు అని శివాని అడిగింది. అది వాడినే అడగమంది ఎంకమ్మ.

పొద్దు గూకే వేళకు సుమో వచ్చింది. రాంచందర్ దిగి, ఎప్పటిలా పార్టీల ముచ్చట్లు చెప్పలేదు. మామూలుగా అయితే వచ్చీ రాగానే మొదలుపెడతాడు: ఇక్కడినుంచి ఎయిర్‌పోర్టు ఎంత దూరమని వాళ్ళు అడగటం, గుట్ట అవతలే అని తను చెప్పటం, వాళ్ళు గుట్ట వైపు చూసి విమానం కోసం వెతకటం. ఇవాళ అరుగు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. సిద్దయ్య వల భుజాన వేసుకుని లోపలికి పోతూ, ఇద్దరినీ ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేశాడు.

శివాని వచ్చి పక్కన కూర్చుంది. చెరువు మీద నుంచి మంచు లాంటి తెల్లని పొర లేచి వాకిట్లోకి వస్తోంది. ఎదురింటి దీపం అందులో పసుపు ముద్దలా ఉంది.

“ఫిల్ములు ఏడున్నయ్?”

అతను తువ్వాలు దించాడు. ఎవరు చెప్పారని అడగలేదు. ఒకరకంగా బరువు దించుకున్నట్టే ఉన్నాడు.

“ఆణ్ణే ఉన్నయ్. తేలే.”

సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మన్నారట. సందు మొదట్లో నిలబడి టీ తాగి, ఇంకో టీ తాగి, వచ్చేశాడట. ఆ తర్వాత పార్టీలను తేవడానికి ఆ దారినే పోతున్నాడు. ఆ సందు దగ్గరికి రాగానే కాలు బ్రేకు మీదికి పోతుందట. వెనక కూర్చున్నవాళ్ళు ఏమైందని అడిగితే, గుంత ఉంది అంటాడట.

విన్నకొద్దీ శివానికి కోపం వచ్చింది. జాలి కంటే ముందు కోపమే వచ్చింది. పక్కన పడుకునే మనిషి. ఊరందరి ఎముకలూ తెలిసిన తనకు, ఈ ఒక్క మనిషి లోపల ఏముందో తెలియలేదు. తెలియనివ్వలేదు.

“నా కాడికి ఎందుకు రాలే? ఇంట్ల నేనుండి దేనికి?”

“వచ్చిన. వానకు ఆగిన అన్న గద, గది అబద్ధం కాదు. నీకు చెప్దామనే వచ్చిన. నువ్వు అద్దం అవతల ఎవలిదో ఫిల్ము ఎలుగుకు పెట్టి చూస్తున్నవ్. నేను ఇవతల నుంచి నీ మొఖం చూస్తున్న.” అతను తువ్వాలు మడిచాడు. “నా ఫిల్ము గూడ డాక్టర్ కంటె ముందుగాల నువ్వే చూస్తవ్. డాక్టర్ నోరు తెర్వకముందే నీ మొఖంల నాకు తెల్సిపోతది. గది నాతోని గాదు అనిపించింది.”

“మా మొఖంల ఏం కనవడది. మాకు గట్లనే నేర్పిస్తరు.”

“పరాయోళ్ళకు కనవడదేమో.”

తలుపు వెనక ఎంకమ్మ గాజులు ఒకసారి చప్పుడై ఆగాయి.

రాంచందర్ గొంతు మార్చాడు. సర్దిచెప్పేవాడి గొంతు అది, ప్లాటు కొనాలా వద్దా అని తటపటాయించే పార్టీతో మాట్లాడే గొంతు. రేపు సార్‌కు తను చెప్పినట్టే చెప్పమన్నాడు. బల్ల మీద పెట్టాడు, మొండోడు, బుద్ధి లేనోడు అని చెప్పమన్నాడు. తన మీద కేసు పెట్టేదెవరు, ఉరి తీసేదెవరు? ఆమె కొలువు ఆమెకుంటుంది. పొద్దున బస్సు దాకా రోజూ తనే దిగబెడతాడు.

“కొలువు ఇడ్శిపెట్టమని కొట్లాడితివి గద ఇన్ని దినాలు?”

“నువ్వు కొలువు ఇడ్శిపెడితె ఇగ ఎవలూ అడగరు, ఇడ్శినంక గా బ్యాడ్జీ ముచ్చట ఎవలికి గావాలె అనుకున్న. నువ్వు ఇడువకపోతివి.” అతను నేల చూస్తూ అన్నాడు. “ఇప్పుడు నేను చెప్పిందే చెప్పు శివానీ. గా ఫిల్ము గాడ ఉండని. ఎవలికేం నష్టం?”

అది ఎంత తేలికైన దారో శివానికి తెలుసు. ఒక్క మాట అంటే చాలు, ఆ చల్లటి గది తనది. అద్దం ఇవతల కూర్చుంటుంది, బల్ల జరుగుతుంది, ఊళ్ళకు ఊళ్ళు తన ముందు నుంచి పోతాయి. నిజం చెబితే ఏ సెంటరు, ఏ రోజు, ఎవరి మీద అని అడుగుతారు. అడిగితే ఆ ఫిల్ము బయటికి రావాలి. వస్తే చూడాలి. ఆమెకు భయం వేసింది. జీవితంలో మొదటిసారి ఒక ఫిల్ము అంటే భయం వేసింది. మొగుడు సందు మొదట్లో నిలబడి రెండు టీలు ఎందుకు తాగాడో అప్పుడు అర్థమైంది.

“ఏడ నొస్తది?” అని అడిగింది.

ఏం లేదులే అన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. అతను చొక్కా కొస కొద్దిగా పైకెత్తి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించాడు.

తలుపు సందులోంచి పడుతున్న వెలుగు చాలలేదు. శివాని వంగింది. ఆమె చూపు చెయ్యి చూపించిన చోటికి పోయి, అక్కడినుంచి నడుము మీదికి జారి ఆగింది. నడుముకు నల్లని మొలతాడు. ముడి కొత్తగా వేసింది, దారం అక్కడ ఇంకా నున్నగా ఉంది. ముడి నుంచి రెండు కొసలు తొడ మీది దాకా వేలాడుతున్నాయి. మొలతాడు కొసలు అంత పొడుగు ఎవరూ వదలరు. ఆ కొసల మీద పాత ముడి నలిగిన చోటు ఒకటుంది. దానికి అవతల, చివరగా, ఇంకా పాతది ఒకటి. విప్పి, లోపలికి జరిపి, మళ్ళీ వేసుకున్నాడు. మళ్ళీ విప్పి, మళ్ళీ జరిపాడు. చిక్కిపోయింది కనపడకుండా చొక్కాలు వదులువి వేసుకుంటూ వచ్చాడు.

దీనికి ఏ మిషనూ అక్కర్లేదు.

ఆమె వెంటనే తలెత్తలేదు. పెదవులు బిగబట్టకూడదు, కనుబొమలు కదలకూడదు, ఊపిరి మామూలుగా తియ్యాలి. నేర్చుకున్నదంతా ఒకటొకటిగా గుర్తు చేసుకుంది. అంతా సరిచూసుకుని, మెల్లగా తల ఎత్తింది.

రాంచందర్ అప్పటికే ఆమె ముఖం చూస్తున్నాడు.